మంద నిలిచిన చోటు

వెంకటేశులు మోపెడ్ ఆపి, బండిబాట మీద పడి ఉన్న గొర్రె పెంటికను చెప్పు కొనతో నొక్కి చూశాడు. పైన ఎండింది గాని లోపల ఇంకా మెత్తగానే ఉంది. మంద పొద్దున్నే ఇటు నడిచి ఉండాలి. తలగుడ్డ విప్పి ముఖం తుడుచుకుని మళ్లీ చుట్టుకున్నాడు.

అతను ఆ ఊరి తలారి. ప్రభుత్వం ఆ ఉద్యోగానికి రెండు మూడు సార్లు పేరు మార్చింది. ఊళ్లో వాళ్లు మాత్రం మార్చలేదు. పనీ మారలేదు. నోటీసు ఇవ్వడానికో, పింఛనుకో, జనాభా లెక్కకో మనిషి కావాలంటే వెతికి చూపించాలి. ఏళ్ల తరబడి అదే పని చేసినందువల్ల నడక కాస్త ముందుకు వంగిపోయింది. నేలమీద ఏదో పారేసుకున్నట్టు నడుస్తాడు. భార్య ఉన్నప్పుడు మధ్యాహ్నం ఫోన్ చేసేది. “యాడుండావు?” అని ఒక్క మాట. చెప్పగానే పెట్టేసేది. ఆమె పోయాక ఆ మాట అడిగేది ఆఫీసు ఒక్కటే.

ఇవాళ వెతకాల్సింది గౌతమిని, ఆమె కూతురిని. గౌతమి భర్త రామాంజి మస్కట్‌లో లారీ తోలుతాడు. పాప కడుపులో ఉండగా పోయినవాడికి, ఇన్నాళ్లకు భార్యాబిడ్డలను పిలిపించుకునే వీలు దొరికింది. వీసాకు వాళ్లు ఇప్పుడు ఎక్కడ నివసిస్తున్నారో ఊరి రెవెన్యూ అధికారి రాసివ్వాలి, ఇంటి ముందు నిలబెట్టి తీసిన ఫోటోతో సహా. అది ఈ సాయంత్రంలోగా పోకపోతే వీసా వాళ్లు ఇచ్చిన తేదీ జారిపోతుంది. మళ్లీ ఎప్పుడిస్తారో ఎవరికీ తెలియదు.

చిక్కంతా ఇంటితోనే. వాళ్ల మట్టిమిద్దె పోయినేటి వానలకు కూలిపోయింది. అప్పటినుంచి గౌతమి, పాప, మామ గురప్ప గొర్రెల వెంటే ఉంటున్నారు. ఎండాకాలం రైతులు ఎరువు కోసం రాత్రిళ్లు మందను తమ చేలల్లో నిలుపుకుంటారు. ఒప్పుకున్న రాత్రులు అయిపోతే మంద ఇంకో చేనికి పోతుంది. మంద ఎక్కడుంటే గుడారం అక్కడ.

శివప్ప చేని కంచె దగ్గర వెంకటేశులు బండి దిగాడు. శివప్ప ఎదురొచ్చాడు.

“శివన్నా, గురప్ప మంద ఈడుండాదా?”

“లేదప్పా. పొద్దున్నే పోయినారు.”

“యాడికి?”

“నాకు జెప్పి పోతారా? సోమందేపల్లె తట్టు పోయినారేమో.”

కంచె వెనక గొర్రెపిల్ల ఒకటి అరిచింది. ఇద్దరూ మొహాలు చూసుకున్నారు. ఇంకొకటి అందుకుంది.

“గొర్రెలు పోయి, అరుపులు ఈడే ఇడిసిపోయినారా అన్నా?”

శివప్ప నవ్వలేదు. “యాడాది నుంచి కాచుకోనుండా ఈ మందకు. ఇంకా నా వంతు రాత్రులుండాయి. గవర్మెంటోడు వచ్చినాడంటే ఏదో ఒగటి పట్టుకోని పోతాడు.”

“ఫోటో పట్టుకోని పోతానంతే. పక్కకు జరుగు.”

ఎండకు గొర్రెలన్నీ ఒకదాని కడుపు కింద ఇంకొకటి తల దూర్చి, ఒకే ముద్దగా నిలబడి ఉన్నాయి. నీలం పట్ట కప్పిన గుడారంలోంచి గౌతమి వచ్చి రాగి అంబలి ఇచ్చింది. విషయం వినగానే పాప తల దువ్వడానికి కూర్చుంది.

“మీ నాయన యాడుండాడు పాపా?” అన్నాడు వెంకటేశులు, ఊరికే.

పాప అమ్మ ఒడిలోని ఫోన్ మీద వేలు పెట్టింది. “ఈడ.”

అంతవరకు గొణుగుతున్న శివప్ప మాట ఆపాడు.

వెంకటేశులు ఫోటో తీశాడు. ఫోటో అడుగున ఫోన్ తనంతట తానే వేసిన ఊరి పేరు చదివి, మళ్లీ చదివి, అధికారి పద్మజకు ఫోన్ చేశాడు.

“మేడం, పక్కూరి పేరు పడతాండాది.”

“వంక అవతల ఉన్నారా? మన పొలిమేరలో ఉంటేనే కదా నేను సంతకం పెట్టేది. ఆ ఊరి ఆయనేమో సెలవులో ఉన్నాడు.” ఆమె గొంతులో నిజంగానే బాధ ఉంది.

వంక ఎంతో దూరం లేదు. నీళ్లు చూసి చాలా కాలమైన ఇసుక వాగు. దాని ఇవతల శివప్ప చేను, అవతల చిన్నప్ప చేను. చిన్నప్ప చేను వెంకటేశులు ఊరి పొలిమేరలోదే.

“తల్లీబిడ్డా ఒగ నిమిషం ఆ చేన్లో నిలబడితే సాలు,” అన్నాడు వెంకటేశులు.

మంద దగ్గరి నుంచి వచ్చిన గురప్ప తల అడ్డంగా ఊపాడు. “ఆడ నిలబడి, ఈడ పండుకుంటే అది నివాసమెట్లయితాదప్పా? రేపు ఎవురైనా పాపను అడిగితే ఉండేది ఉన్నట్లు చెప్పేస్తాది. మందనే తోలుకోని పోదాం. ఈ రేత్రి ఆడే పండుకుందాం.”

శివప్ప భగ్గుమన్నాడు. “ఆ చేను ఎవునిదో తెలుసునా? నా తమ్మునిది! వాని మొగం జూసి ఎన్నేండ్లాయనో. నా చేనికి పడాల్సిన ఎరువు వాని చేనికా?”

“రేపు మల్లా ఈడికే వస్తాము పెదనాయనా,” అంది గౌతమి. “ఒగ రాత్రి.”

శివప్ప ఆమెను చూడలేదు. పాప వంకా చూడలేదు. కాసేపు ఆమె ఒడిలోని ఫోన్‌ను చూశాడు. తర్వాత వంగి, మంద చుట్టూ వల కట్టిన మొదటి గూటాన్ని పెరికాడు.

వల భుజాన వేసుకుని వంక నడిమికి పోయి ఇసుకమీద పడేశాడు. “ఈడికే నేను. వాని చేన్లో కాలు పెట్టను.” అవతలి గట్టుమీద చేతులు కట్టుకుని చూస్తున్న చిన్నప్ప దిగి వచ్చాడు. వల ఎత్తుకుపోయాడు. గూటాలు వచ్చాయి, పట్ట వచ్చింది. అన్నీ ఇసుకమీదే పడ్డాయి, ఇసుకమీది నుంచే లేచాయి. చివరగా వచ్చిన వల మాత్రం కింద పడలేదు. ఒక భుజం మీది నుంచి ఇంకొక భుజం మీదికి మారింది. మాట మాత్రం ఇటునుంచి అటు పోలేదు.

కొత్త గుడారం ముందు గౌతమి అప్పుడే మూడు రాళ్లు పెట్టి పొయ్యి ముట్టించింది. ఈసారి ఫోటో అడుగున సొంత ఊరి పేరే పడింది.

“ఇంటి నంబరు?” అడిగింది పద్మజ.

“లేదు మేడం.”

“సరే. చిన్నప్ప చేనిలో గుడారం అని రాస్తాను. నిజం అదే కదా.” ఫోన్ పెట్టబోతూ అంది, “వెంకటేశులన్నా, మీరు తిన్నారా?”

“తిన్యా మేడం. అంబలి.” ఆమె ఫోన్ పెట్టేశాక కూడా అతను కాసేపు దాన్ని చెవి దగ్గరే పెట్టుకున్నాడు.

మరునాడు మంద శివప్ప చేనికి తిరిగి పోయింది. గురప్ప అడగకుండానే ఒక రాత్రి ఎక్కువ నిలిపాడు. ఆ తర్వాత మంద రాయదుర్గం దిక్కు సాగింది. వానలకు ముందు ఒక రోజు గౌతమి, పాప బెంగళూరు బస్సెక్కారు. విమానం ఎక్కిన సంగతి వెంకటేశులుకు తర్వాత ఎవరో మాటల్లో చెప్పారు.

తొలివాన పడ్డాక అతను ఏదో నోటీసు ఇవ్వడానికి అటు పోయాడు. చిన్నప్ప చేను దున్నుతున్నాడు. సాళ్లు తిన్నగా వచ్చి, ఒకచోట పక్కకు ఒరిగి, మంచమంత నేలను వదిలేసి, అవతల మళ్లీ కలుస్తున్నాయి.

“ఆ రాళ్లు తీసి పారేయకపోయినావా అన్నా?”

“ఇల్లని రాసినారంట కదప్పా,” అన్నాడు చిన్నప్ప, ఎద్దులను ఆపకుండానే. “ఇల్లెట్ల దున్నేది?”

వెంకటేశులు దగ్గరికి పోయి చూశాడు. మసిబారిన మూడు రాళ్లు. వాటి పక్కనే, పాప ఆటకు పేర్చుకున్న మూడు గులకరాళ్ల పొయ్యి, లోపల గుప్పెడు తడి బూడిద.