ఏసోబు ఏమయ్యాడు

నేను ఒక నవలను. పదో తరగతి పిల్లల కథను. విజయవాడలో ఇరుకు సందులోని ఒక ప్రెస్సులో పుట్టాను. కాగితం నాసిరకం, అచ్చు కాస్త మసక. నా అట్ట వేసిన చిత్రకారుడు నన్ను చదవకుండానే వేశాడు. అందుకే లోపల ఏడ్చే పిల్లలంతా పైన బడి గేటు దగ్గర నవ్వుతూ నిలబడి ఉంటారు. మనుషులు మమ్మల్ని అట్ట చూసి కొంటారు. ఒకరినొకరు కూడా అలాగే అంచనా వేసుకుంటారని నాకు తర్వాత తెలిసింది.

నాలో కోటేశు అనే కుర్రాడు పరీక్ష పేపరు దొంగిలిస్తాడు. ఆ నేరం ఏసోబు మీద పడుతుంది. నిజం తెలిసిన వసుధ భయంతో నోరు విప్పదు. ఒకరి మౌనం ఇంకొకరి మెడకు ఎలా చుట్టుకుంటుందన్నదే నా కథంతా.

పుస్తకాల ప్రదర్శనలో నన్ను కొన్నది నసీమా. గుంటూరు దగ్గర ఒక ఇంటర్ కాలేజీలో చదివేది. అక్కడి హాస్టల్లో కథల పుస్తకాలు కనిపిస్తే లాగేసుకుంటారు. అందుకని నన్ను బట్టల మడతల్లో దాచి తెచ్చి ఫిజిక్స్ అట్ట తొడిగింది. గదిలోకి ఎవరైనా వస్తే అమ్మాయిలు నన్ను ముందేసుకుని సూత్రాలు బట్టీ పడుతున్న ముఖం పెట్టేవారు. నిజంగా బట్టీ పట్టేటప్పుడూ వాళ్లది అదే ముఖం.

నసీమా పక్క మంచం సుప్రజది. మాచర్ల వైపు పిల్ల. వాళ్ల నాన్న మిరప రైతు. కూతురు ఇంటర్లో చేరిన రోజే ఊరంతా డాక్టరమ్మ అని చెప్పుకున్నాడు. వారం వారం పెట్టే పరీక్షల్లో మార్కులు జారి, సుప్రజను పై సెక్షన్ నుంచి కిందికి దించారు. దించడమంటే బల్ల మారడం ఒక్కటే కాదు. గది మారుతుంది, భోజనాల వరస మారుతుంది, పలకరించే మనుషులు కూడా మారిపోతారు. నసీమా పై సెక్షన్లోనే ఉండిపోయింది. పరుపు చుట్టుకుంటున్న స్నేహితురాలి చేతిలో నన్ను పెట్టింది.

"చదువే, బాగుంటది" అంది. ఆ తర్వాత వాళ్లిద్దరూ సరిగా మాట్లాడుకోలేదు.

నన్ను చాలామంది చదివారు గానీ, సుప్రజలా చదివినవాళ్లు లేరు. ఏసోబు పేరు వచ్చిన చోటల్లా ఆగిపోయేది. ఆదివారం ఫోనులో "బాగానే ఉన్నా నాన్నా" అని చెప్పి వచ్చి, ముఖం కూడా తుడుచుకోకుండా నన్ను తెరిచేది. వేళ్లు చల్లగా ఉండేవి. ఒకరోజు ఏసోబు పేరు మీద వేలు పెట్టి, "నువ్వూ నేనూ ఒకటే రా" అంది. నాకు భయం వేసింది. నా చివరి అధ్యాయం నాకు తెలుసు.

నిందపడ్డ ఏసోబు ఇల్లు వదిలి రైలు కట్ట వెంట నడుస్తున్న చోట ఆమె ఉండగా, వార్డెన్ భ్రమరాంబ గదిలోకి వచ్చి నా ఫిజిక్స్ అట్ట ఊడదీసి చూసింది.

"జ్వరమని క్లాసు ఎగ్గొట్టి ఇదా నువ్వు చేసేది?"

"ఇంకా కాసిని పేజీలే మేడం. ఏసోబు ఏమయ్యాడో చూసి ఇచ్చేస్తా."

"వాడు ఏమైతే నీకెందుకు? ముందు నీ సంగతి చూసుకో."

నన్ను తీసుకుపోయి తన గది బీరువాలో పెట్టింది. మర్నాడు మధ్యాహ్నం తలుపు దగ్గరగా వేసుకుని తానే చదవడం మొదలుపెట్టింది. ప్రిన్సిపాల్ చెప్పుల చప్పుడు వినిపిస్తే దిండు కింద దోపేది. సుప్రజ రోజూ గుమ్మంలోకి వచ్చి అడిగేది. మొదట "ఏసోబు ఏమయ్యాడు మేడం?" అనేది. రానురాను ఆ ప్రశ్న "ఏసోబు బతికాడా మేడం?" అయింది. భ్రమరాంబ కసిరి పంపేసేది. నేను బీరువాలో ఆ గొంతు వింటూ ఉండేదాన్ని. నాలో అన్ని మాటలున్నాయి, ఒక్కటీ ఆ పిల్లను చేరదు.

ఒక మధ్యాహ్నం భ్రమరాంబ నన్ను ముగించింది. ముగించి గోడ వంక చూస్తూ కూర్చుంది. అంతలో సుప్రజ వచ్చింది.

"నేనింకా అక్కడిదాకా చదవలా" అంది భ్రమరాంబ. అబద్ధమాడడం ఆమెకు చేతకాదు.

సుప్రజ ఆమె ముఖం చూసింది. "పోయాడు కదా మేడం. నాకు తెలుసు. వాడికి అదే కరెక్టు" అని వెళ్లిపోయింది.

భ్రమరాంబకు ఆ మాట తలకెక్కడానికి కాసేపు పట్టింది. ఎక్కగానే నన్ను పట్టుకుని పరుగెత్తింది. ఆ పిల్ల గదిలో లేదు, క్లాసులో లేదు. డాబా మెట్ల మధ్యలో ఆగి నా చివరి పేజీలు గుప్పిట పట్టి లాగేసింది. నా కుట్టు తెగింది. ఆ కాగితాలు నడుముకు దోపుకుని పైకెక్కింది.

ఆరేసిన బట్టల అవతల పిట్టగోడ దగ్గర నిలబడి ఉంది సుప్రజ. భ్రమరాంబ కేక వేయలేదు, దగ్గరికీ వెళ్లలేదు. రొప్పుతూ కాలే నేల మీద చతికిలబడి నన్ను తెరిచింది.

"బతికాడే. రా, చెప్తా."

"అబద్ధం."

"వినవే ముందు. కట్ట మీద గ్యాంగ్‌మన్ ఉంటాడు, సుబ్బయ్యని. ఎవుడ్రా నువ్వని నాలుగు తిట్టి, టీ ఇస్తాడు. ఏసోబు ఏడుస్తాడు. ఆయన ఏమీ అడగడు. పక్కన కూర్చుంటాడు."

నన్ను రాసినాయన వింటే తల పట్టుకునేవాడు. అంత అడ్డదిడ్డంగా సాగింది ఆ కథ. అయినా సుప్రజ ఒక అడుగు ఇటు వేసింది.

"తర్వాత?"

"తర్వాత వసుధ వెతుక్కుంటా వస్తది. తప్పు నాదేనంటది. ఈ గ్యాంగ్‌మన్ రామయ్య..."

"ఇందాక సుబ్బయ్యన్నారు."

"సుబ్బయ్యే. కూర్చోవే, కాళ్లు కాల్తాయి."

సుప్రజ కూర్చుంది. భ్రమరాంబ ఆమె మణికట్టు పట్టుకుంది. చాలాసేపటికి ఆ పిల్ల చూపు తెగిన నా కుట్టు మీద పడింది.

"చివరి పేజీలు ఎవరు చించారు మేడం?"

"నేనే."

"అంటే..."

"రాసినాయన ఏదో రాశాడు. నేను ఒప్పుకోలా."

అప్పుడు ఏడ్చింది సుప్రజ. అన్నాళ్లూ రాని ఏడుపు అంతా వచ్చింది. కబురందుకుని సాయంత్రం వాళ్ల నాన్న వచ్చేదాకా భ్రమరాంబ ఆ చెయ్యి వదల్లేదు. ఆయన కూతురి పెట్టె ఎత్తబోయి, మళ్లీ దించి, దాని మీదే కూలబడ్డాడు. నసీమా దూరంగా నిలబడి చూసి, చివరికి వచ్చి పెట్టెకు రెండో పక్క చెయ్యి వేసింది.

సుప్రజను గుంటూరులో డాక్టరుకు చూపిస్తున్నారని, నెమ్మదిగా నిద్ర పడుతోందని, మళ్లీ ఏడాది వాళ్ల ఊరి దగ్గరే కాలేజీలో చేరుతుందని నసీమా వచ్చి భ్రమరాంబకు చెప్పేది. ఆ మాటలు వినడానికి భ్రమరాంబ ఎక్కువ కాలం అక్కడ లేదు. హాస్టల్లో నవలలు చదివిస్తోందని పనిలోంచి తీసేశారు. గది ఖాళీ చేసే హడావిడిలో నేను పాత పేపర్లతో కలిసి బయటపడ్డాను.

ఇప్పుడు పాత కాగితాల కొట్లో ఉన్నాను. అప్పుడప్పుడు ఎవరో నన్ను తీసి, వెనక్కి తిప్పి చూసి, ముగింపు లేదని విసిరేస్తారు. ఆ అధ్యాయం అక్షరం పొల్లుపోకుండా నాకు కంఠస్థమే. కానీ ఏసోబు ఏమయ్యాడని ఎవరైనా అడిగితే, కట్ట మీద గ్యాంగ్‌మన్ ఒకాయన వాడికి టీ ఇచ్చాడనే చెబుతాను.