ఆఖరి స్టాపులో బఠాణీలు

మావయ్యకు ఆరోగ్యం మీద శ్రద్ధ పుట్టింది బస్సులోనే. కండక్టరుగా టికెట్లు కొడుతూ కొడుతూ ఒకరోజు కళ్లు తిరిగి ఎవరో పెద్దాయన ఒళ్లో కూలబడ్డాడు. అటునుంచి అటే ఆసుపత్రికి తీసుకెళ్లారు. నూనె తగ్గించమని, ఆకుకూరలు ఎక్కువ తినమని, పొద్దున్నే కాస్త నడవమని డాక్టరు చెప్పాడు. డాక్టరు మామూలుగానే చెప్పాడు గానీ మావయ్య వాటిని చట్టం చేసేశాడు.

"ఇవాళ్టి నుంచి ఈ ఇంట్లో ఏ కాలంలో పండింది ఆ కాలంలోనే తింటాం. వేపుడు మాట ఎత్తొద్దు," అన్నాడు ఇంటికొచ్చిన సాయంత్రమే, చెప్పులైనా విప్పకుండా.

వినడానికి ఇంట్లో ఉన్నది ఇద్దరే: అత్త, మేనకోడలు పిచ్చుక. వాళ్లమ్మ దూరపు ఊరి ఆసుపత్రిలో నర్సు కావడంతో పిచ్చుక మావయ్య ఇంట్లో ఉండి చదువుకుంటోంది. తిండి ముందు కూర్చుంటే గింజ గింజా ఏరుకు తింటుందని ఆ పేరు పెట్టింది మావయ్యే.

అప్పుడే చలి విరిగి, వీధిలో చెట్లు చిగురు తొడుగుతున్నాయి. కూరల బండి మీద లేత పాలకూర, ఉల్లికాడలు, మట్టి వదలని ముల్లంగి కనిపిస్తున్నాయి. కంటికి ఎంత ముచ్చటగా ఉన్నా, అవన్నీ ఉప్పు నీళ్లలో ఉడికి పళ్లెంలోకి వచ్చేసరికి పిచ్చుకకు ఏడుపొచ్చేది. తెల్లవారకముందే మావయ్య ఇద్దరినీ లేపి వీధి చివరిదాకా నడిపించేవాడు. అత్త ఆవలిస్తూ, కొంగు సర్దుకుంటూ వెనకాలే వచ్చేది.

"నాకు కాదు కదా కళ్లు తిరిగింది, నన్నెందుకండీ ఈ నడక?"

"నీకు తిరక్కుండా ఉండాలనే!"

ఇలా కొన్ని వారాలు గడిచాయి. ఓ ఆదివారం మావయ్య బస్సు నడిపే డ్రైవరు బాబాయి చూసిపోదామని వచ్చాడు. భోజనం వేళ కావడంతో అత్త కూర్చోబెట్టి వడ్డించింది. ఉడికిన పాలకూర వంక చూసి ఆయన గుటక వేశాడు.

"ఇదేంటి వదినా, అన్నయ్యకు ఇలాంటివి పెడుతున్నారా? డిపో క్యాంటీన్‌లో బంగాళాదుంప వేపుడు రెండు ప్లేట్లు లేందే మనవాడు బండెక్కడే!"

బల్ల కింద మావయ్య కాలు కదిలింది. డ్రైవరు బాబాయి "అబ్బా" అన్నాడు. అత్త గరిటె గిన్నెలో పెట్టేసింది.

"ఏమండీ," అంది అత్త, గొంతు పెంచకుండా. "డిపోలో బంగాళాదుంపలు ఏ కాలంలో పండుతాయి?"

పిచ్చుకకు నవ్వు ఆగలేదు. నోట్లో పాలకూర ముక్కులోకి వచ్చేలా నవ్వింది. కానీ అత్త నవ్వలేదు. వంటింట్లోకి వెళ్లి, తోమిన గిన్నెనే మళ్లీ తోమడం మొదలుపెట్టింది. నీళ్లకోసం వెళ్లిన పిచ్చుకకు ఆవిడ కళ్లు తుడుచుకోవడం కనిపించింది. మావయ్య పడిపోయాడని కబురొచ్చిన రోజు అత్త ఒక కాలికి తన చెప్పు, ఇంకో కాలికి పక్కింటావిడ చెప్పు తొడుక్కుని ఆసుపత్రికి పరిగెత్తింది. ఆ వరండాలో ఆవిడ ఎలా కూర్చుందో పిచ్చుక చూసింది.

డ్రైవరు బాబాయి మెల్లగా జారుకున్నాక మావయ్య వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"ఆకలేస్తుందే," అన్నాడు నేల చూపులు చూస్తూ. "ఆ ఉడికిన ఆకులు తిని రోజంతా నిలబడితే కాళ్లు వణుకుతున్నాయి. భయంకొద్దీ రూలు పెట్టాను. ఆకలికి ఆగలేక తప్పాను."

"ఆ మాట నాకు చెప్తే మీ సొమ్మేం పోయింది? పచ్చివి తెచ్చి పారేసి ఉడకబెట్టమంటే ఉడకబెట్టాను. రుచిగా వండమని ఒక్కసారన్నా అడిగారా?"

మావయ్య గుమ్మం పట్టుకున్నాడు. "వచ్చే ఆదివారం నాతో బస్సులో రండి ఇద్దరూ," అన్నాడు.

పెళ్లయి అన్నేళ్లయినా అత్త ఆయన బస్సెక్కడం అదే మొదలు. మావయ్య యూనిఫాం వేసుకుని, ముఖం బిగించుకుని, ఎవరో తెలియనట్టే వచ్చి టికెట్లు కొట్టాడు. "కాస్త లోపలికి జరగండమ్మా," అన్నాడు. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆఖరి స్టాపు దగ్గర ఊరు అయిపోయి తోటలు మొదలయ్యేవి. బస్సు తిరిగి బయల్దేరడానికి ఇంకా టైముంది. తోటావిడ మావయ్యను ఎరుగును. "మీ చేత్తోనే కోసుకోండి," అంటూ బఠాణీ తీగల వరసలు చూపించింది. మంచుకు తడిసిన కాయ గోరు తగలగానే చిటుక్కుమని విచ్చుకునేది. పిచ్చుక ఒక గింజ నోట్లో వేసుకుంది. పచ్చిది, చల్లనిది, తియ్యనిది. తర్వాత ఎన్ని తిన్నదో ఆ పిల్లకే తెలియదు.

"ఒసేయ్, పేరు మార్చాలే నీకు!" అన్నాడు మావయ్య.

తిరుగు ప్రయాణంలో బస్సులో వాళ్లు తప్ప ఎవరూ లేరు. అత్త ఒడి నిండా కాయలు. మావయ్య టికెట్ల సంచీ పక్కన పెట్టి ఆవిడ పక్కనే కూర్చుని ఒలిచాడు. కిటికీలోంచి వచ్చే గాలికి తొక్కలు ఎగిరి పడుతుంటే, "నాకేం మిగల్చరా?" అని ముందునుంచి డ్రైవరు బాబాయి గోల. ఆ రాత్రి అత్త రెండు చుక్కల నూనెలో ఉల్లికాడలు మగ్గించి, బఠాణీలు వేసి, పైన నిమ్మకాయ పిండింది. మావయ్య అడిగి మరీ రెండోసారి పెట్టించుకున్నాడు. మర్నాటినుంచి ఆయన డబ్బా డిపోకి వెళ్లింది. సగం తోటివాళ్లే తినేస్తున్నారని తెలిసి అత్త పెద్ద డబ్బా కొంది.

మావయ్య రిటైరయ్యేదాకా ప్రతి వసంతంలోనూ వాళ్లు ఆ తోటకు వెళ్లారు. ఆయన నిండుగా బతికి, ఒక మధ్యాహ్నం నిద్రలో వెళ్లిపోయాడు. అత్త ఇప్పుడు పిచ్చుక దగ్గరే ఉంటోంది. తోటల చోట అపార్టుమెంట్లు లేచాయి. బఠాణీలు ఏడాది పొడుగునా ఫ్రిజ్‌లో ప్యాకెట్లలో దొరుకుతున్నాయి, పిచ్చుక అవీ వండుతుంది. కానీ చలి విరిగి మార్కెట్లో కాయలు దిగాయంటే పిచ్చుక కాళ్లు అటే లాగుతాయి. సంచీ నిండా తెచ్చి, కిటికీ దగ్గర అత్త పక్కన కూర్చుని ఒలుస్తుంది. ఒలిచినవి గిన్నెలోకి కన్నా నోట్లోకే ఎక్కువ వెళ్తాయి.

"అమ్మా, అలా తింటూ పోతే కూరకేం మిగలదు," అన్నాడు మొన్న పిచ్చుక కొడుకు.

"మిగలదులేరా," అంది అత్త మధ్యలో అందుకుని, పిచ్చుక చేతిలో ఇంకో కాయ పెడుతూ.