ఆనుకునే తావు

సంగటి కుండ అడుగున మసి గీకి ముంతలో వేసుకుంటాంటే నన్ను కట్టుకున్నోడు, మా ఆయప్ప, వాకిట్లోంచి అన్నాడు: "ఆడికొచ్చినాక నోరు తెరవాకు. పనంతా నాదని సినిమావాళ్లకు చెప్పినా."

సోమందేపల్లె బయట గుట్ట కింద సినిమావాళ్లు ఒక పాత నవలలోని బీద రైతు ఇల్లు కడతాండారు. ఇల్లంటే మూడు గోడలే. నాలుగో పక్క కెమెరా కోసం వదిలినారు. మా ఆయప్ప జయరాముడు వడ్రంగి. దూలాలూ తడికెలూ ఆయనే నిలబెట్టినాడు. గోడలు నలభై ఏండ్ల నాటివిగా కనపడేట్టు చేసేది మాత్రం ఆయనకు చేతకాలేదు. మూడు దినాలు ఎర్రమట్టీ పేడా తొక్కి మెత్తింది నేను. పొయ్యి మీది గోడకు మసి పూసింది నేను. "మొగోళ్ల పని కాడ దీనికేం పని?" అని మా అత్త లక్ష్మీనరసమ్మ అడిగితే, "ఊరికే నీళ్లు మోస్తాంది లేమ్మా" అన్నాడు. ఆ నీళ్లు గూడా ఎండిన వంకలో చెలమ తోడి మోసినా.

ఆ పొద్దే షూటింగు. గోడ ఆరిందో లేదో, పగిలిందేమో అని దావంతా అదే యోచన. పగిలితే "నీ చేతి పనే అంత" అంటాడు. బాగుంటే అది నా చేతి పనే కాదు. దేనికి భయపడతాండానో నాకే తెల్లేదు.

గోడ పగల్లేదు. కెమెరా ఆయన తల నెరిసిన మనిషి. కెమెరాకు కన్ను ఆనించి శానాసేపు కదల్లేదు. తర్వాత పొయ్యి పక్కన, రెండు మూరల ఎత్తున ఉన్న జిడ్డు మరక చూపించినాడు.

"జయరాముడూ, ఇది ఇక్కడెందుకు పెట్టావు?"

"ఊరికే సార్. పాతగా ఉంటాదని."

"ఊరికే పెడితే ఇంత సరిగ్గా కుదరదే. హీరోయిన్ని దీని దగ్గరే కూర్చోబెట్టాలనుంది. అసలు ఇలాంటి మరక ఎలా పడుతుంది?"

మా ఆయప్ప నా దిక్కు చూసినాడు. పదకొండేండ్లుగా మా ఇంట్లో అదే తావులో అదే మరక ఉండాది. ఆయన దాన్ని ఒక్కసారి గూడా చూళ్లేదని నాకప్పుడు తెలిసింది. మాట్లాడితే ఇంటికి పోయినాక ఏమైతాదో తెలుసు.

"అందరూ తిన్నాక ఆడది కుండ పక్కన తల ఆనిచ్చి కూసునే తావు సార్ అది" అన్నా. "తల నూనె అంటుకుంటాది. ఆ గోడ నేను మెత్తినా."

కెమెరా ఆయన నా దిక్కు తిరిగినాడు. "నీ పేరేంటమ్మా?"

"హనుమక్క."

"లోపలికి రా. ఆవిడ ఎలా కూర్చోవాలో చూపించు."

మా ఆయప్ప దగ్గరికొచ్చి పండ్ల సందున అన్నాడు: "ఇంటికి పో. మాయమ్మ ఆకలితో ఎదురుచూస్తాంటాది."

నేను మసి ముంత కింద పెట్టినా.

"నువ్వు పోయి పెట్టు. నాకు ఈడ పనుండాది" అని చెప్పి లోపలికి పోయినా.