తలుపుకి లోపలి వైపు

నేను ఒక తాళంచెవిని. ఒళ్లంతా ఇత్తడే, పొడవు వేలెడంత. అయినా ఒక శుక్రవారం పొద్దున, ప్రాణం పోతున్న ఒక అమ్మాయికీ ఆమెను బతికించడానికి వచ్చిన మనిషికీ మధ్య పదకొండు నిమిషాలపాటు అడ్డంగా నిలబడ్డాను. నన్ను అక్కడ నిలబెట్టింది ఆ అమ్మాయే. అందులో నా తప్పెంతో మీరే చెప్పాలి.

ఫ్రాన్సు ఉత్తరాన, ఊరందరికీ తాళాల పనే అయిన ఒక చిన్న పట్నంలో నేను పుట్టాను. ఒకే ఇత్తడి రేకులోంచి ఒకే పూట ఇద్దరిని కోశారు. మా అక్కదీ నాదీ ఒకటే పళ్లవరస. తాళంతో కలిపి మమ్మల్ని లియోన్ నగరానికి పంపారు. అక్కడ గుట్ట మీద పాత పట్టునేతగాళ్ల పేట ఉంది. ఒకప్పుడు ఎత్తయిన మగ్గాలు పట్టడానికని ఆ ఇళ్ల కప్పులు రెండు నిలువుల పైన కట్టారు. మగ్గాలు ఏనాడో పోయాయి, ఎత్తు మాత్రం మిగిలింది. చలికాలంలో ఆ గదుల్ని వెచ్చబెట్టడం ఎవరి తరమూ కాదు.

నాలుగో అంతస్తులో నేను చాలామంది చేతులు మారాను. అకార్డియన్ వాద్యం నేర్పే ఒకావిడ నన్ను మెడలో వేసుకుని ఇల్లంతా వెతికేది. ఆ తర్వాత వచ్చిన కొత్త జంట పోట్లాడుకున్నప్పుడల్లా ఎవరో ఒకరు నన్ను నేలకేసి కొట్టి వెళ్లిపోయేవారు, మళ్లీ తలుపు తట్టేవారు. మనుషుల సంగతి నాకు భలే చిత్రంగా ఉంటుంది. దొంగల భయంతో మమ్మల్ని చేయించుకుంటారు, ఆనక పూలకుండీ కింద దాచి ఆ ముచ్చట నలుగురికీ చెబుతారు. చివరికి ఇల్లు కొన్న సోలాంజ్ అనే ఆవిడ ఆ వాటాని ముక్కలు చేసి అద్దెలకిచ్చి, తను వేరే ఊళ్లో ఉండిపోయింది. నేను అద్దెకొచ్చినవాళ్ల చేతికి పోయేదాన్ని. మా అక్కని మాత్రం ఎదురింటి వియార్ గారి దగ్గర ఉంచింది, ఎప్పుడైనా అవసరపడుతుందని.

సెప్టెంబరులో మృదుల వచ్చింది. వేటపాలెం పిల్ల, చేనేతవాళ్ల ఇంటి పిల్ల. నూలుకీ పట్టుకీ రంగులద్దే శాస్త్రం చదవడానికి ఇంత దూరం వచ్చింది. గదిలో అడుగుపెట్టగానే తలుపు వెనక తడిమి చూసింది.

"పిన్నీ, దీనికి గడియ లేదే!" అంది ఫోన్లో.

"గడియ లేని తలుపేందే? మరి ఎట్టా పడుకుంటావు?" అంది అవతల పిన్ని. తల్లి పోయాక మృదులని పెంచింది ఆవిడే.

మృదుల నన్ను తాళంలో పెట్టి రెండు చుట్లు తిప్పింది, తిప్పి అక్కడే వదిలేసింది. ఆ రోజు నుంచి గదిలో ఉన్నంతసేపూ నా చోటు అదే. లోపల నేనుంటే బయటినుంచి ఇంకే తాళంచెవీ దూరదని ఎవరో చెప్పారు. ఆ మాట ఆమెకి పెద్ద ధైర్యం. ఎదురింట్లో మా అక్క ఉందని మాత్రం ఆమెకి ఎవరూ చెప్పలేదు.

బయటికి వెళ్లినప్పుడు నేనామె కోటు జేబులో ఉండేదాన్ని. మొదటి నెలంతా ఆమెకి తలుపులతోనే గొడవ. ఇక్కడ దుకాణాల తలుపుల మీద లాగాల్సినచోట 'తిరే' అని, తోయాల్సినచోట 'పుసే' అని రాసి ఉంటుంది. 'తిరే' చూడగానే ఆమెకి 'తెరువు' అన్నట్టు తోచేది, భుజంతో తోసేది. తలుపు కదిలేది కాదు. వెనకున్నవాళ్లు ఆగేవారు. బేకరీ ముందు ఒకసారి అలా జరిగాక రొట్టె కొనకుండానే వచ్చేసింది. "తిరే అంటే లాగు, తిరే అంటే లాగు" అని ట్రాములో వల్లె వేసుకుంది. తరగతిలో అధ్యాపకుడు వేసిన పరిహాసానికి అందరూ నవ్వాక ఒక్క క్షణం ఆగి నవ్వేది. క్యాంటీనులో 'ఇది గొడ్డుమాంసమా?' అని అడిగే వాక్యం ఒక్కటే తడబడకుండా అనేది.

వియార్ గారంటే ఆమెకి హడలు. డెబ్బయి దాటిన మనిషి, రైల్వేలో సిగ్నళ్లు చూసి రిటైరయ్యాడు. ఎవరింట్లో ఏ కొళాయి ఎప్పుడు విప్పారో ఆయనకి తెలుసు. వచ్చిన వారానికే తలుపు కింద నుంచి 'మద్మొజెల్', అంటే 'అమ్మాయిగారూ', అని మొదలయ్యే ఒక చీటీ తోశాడు. మృదుల ఫోనులో నిఘంటువు పెట్టుకుని గంటసేపు చదివింది. తాలింపు ఘాటు మెట్లదాకా వస్తోందట. రెండో చీటీ, ఆదివారం బట్టల మిషను వేయవద్దని. ఆ తర్వాత ఆయన అడుగుల చప్పుడు వినిపిస్తే చాలు, దీపం ఆర్పి ఊపిరి బిగబట్టి కూర్చునేది.

జనవరిలో చలి ముదిరింది. ఆ గదిలో ఒక మూల తెర వెనక షవరు, పక్కన సింకు, సింకు పైన గోడకి పాతకాలపు గ్యాసు గీజరు, దానికి పక్కన ఎత్తులో, వియార్ గారి కిటికీకి కనబడేలా, గాలి ఆడే చిన్న జాలీ.

"ఏందమ్మాయ్, మొహం అట్టా పీక్కుపోయింది?" అంది పిన్ని ఒక సాయంత్రం.

"చలి పిన్నీ. కిటికీ మూసినా ఆ జాలీలోంచి కోసేస్తంది."

"మరి దాన్నీ మూయరాదా? ఏదన్నా గుడ్డ కుక్కు. చదువుకున్నదానివి, అదీ నేనే చెప్పాల్నా?"

మృదుల కుర్చీ ఎక్కి పాత ఎర్ర చున్నీ ఒకటి జాలీలో గట్టిగా కూరి, చుట్టూ టేపు అంటించింది. ఆ రాత్రి గది వెచ్చగా ఉంది. ఆమె హాయిగా నిద్రపోయింది.

తలనొప్పి ఆ తర్వాతి రోజు నుంచి మొదలు. పొద్దున స్నానం చేశాక నుదురు పగిలిపోయేది. ట్రామెక్కి విశ్వవిద్యాలయం చేరేసరికి తగ్గిపోయేది. మళ్లీ గదికొచ్చి గిన్నెలు కడుక్కుంటే పట్టుకునేది. ఒంటరితనం వల్లే ఇలా అవుతోందనుకుంది. పిన్ని పడిశెం అంది, మిరియాల పాలు తాగమంది. అదే వారం వియార్ గారు రెండుసార్లు తలుపు తట్టి, వెనుదిరిగి వెళ్లాడు. ఆ తర్వాత మూడో చీటీ వచ్చింది. ఆ వంకరటింకర చేతిరాత చూడగానే మృదులకి కళ్లనీళ్లు తిరిగాయి. "ఈసారి ఏం చేశానో!" అని, చదవకుండానే సొరుగులో పడేసింది.

ఆ శుక్రవారం పదకొండింటికి ఆమె ముగ్గురు ఆచార్యుల ముందు నిలబడి, తన ప్రాజెక్టు గురించి ఫ్రెంచిలో ఇరవై నిమిషాలు మాట్లాడాలి. ఇన్ని నెలల చదువు ఆ ఇరవై నిమిషాల మీదే ఆధారపడి ఉంది. తొమ్మిదింటికి తలంటుకోవడానికి వేడినీళ్లు విప్పింది. గీజరు భగ్గున వెలిగింది. షవరు కింద నిలబడి పాఠం పైకి అప్పజెప్పుకోసాగింది.

కాసేపటికి ఆమె గొంతు నెమ్మదించింది. ఒకే వాక్యం మూడుసార్లు అంది. నాలుగోసారి సగంలో ఆగిపోయింది.

చాలాసేపటికి బయటికి వచ్చింది. తడి ఒంటి మీద తొడుక్కున్న నైటీ అంటుకుపోయింది, జుట్టులో నురగ కూడా పోలేదు. వెనక నీళ్లు అలాగే పడుతున్నాయి. గోడ పట్టుకుని రెండడుగులు వేసింది. నేలమీద కూర్చుంది, కూర్చున్నది మెల్లగా ఒరిగింది. "ఒక్క నిమిషం," అంది, తెలుగులో, ఎవరితోనో.

అప్పుడు తలుపు దడదడలాడింది.

"మద్మొజెల్! నీళ్లు! అరగంట నుంచి ఆపకుండా పోతున్నాయి! ఇంట్లో ఉన్నారా లేరా?"

వియార్ గారే. మృదుల కళ్లు తెరిచింది. ఆయన గొంతు విన్నప్పుడల్లా ఏం చేసేదో అదే చేసింది. పీల్చడానికి మంచి గాలి లేని గదిలో ఆ పిల్ల ఊపిరి బిగబట్టింది.

వెళ్లిపోకు, వెళ్లిపోకు అని నేను అనుకున్నాను. ఇత్తడికి నోరెక్కడిది? ఆయన గొణుక్కుంటూ వెనుదిరిగాడు. అంతలో మృదుల లేవబోయి చెయ్యి విసిరింది. స్టూలు మీది స్టీలు గిన్నె కిందపడి ఖంగుమంటూ తలుపుదాకా దొర్లింది.

అడుగులు ఆగాయి.

"మద్మొజెల్?" ఈసారి గొంతు వేరు. "ఒంట్లో బాగానే ఉందా? పలకండి!"

నీళ్ల చప్పుడు ఒక్కటే.

"ఆ గుడ్డ..." అన్నాడు తనలో తను. "దేవుడా, ఆ ఎర్రగుడ్డ." మరుక్షణం మెట్ల అంచు నుంచి కిందికి అరిచాడు. "ఫైరింజను వాళ్లకి ఫోన్ చెయ్యండి! నాలుగో అంతస్తు! గ్యాసు!"

పరుగున పోయి పరుగున వచ్చాడు. తాళంలోకి చల్లటి ఇత్తడి ఒకటి దూరింది. మా అక్క! ఎన్నేళ్ల తర్వాత! ఆమె ముక్కు నా ముక్కుకి తగిలి ఆగిపోయింది. ఆయన నెట్టాడు, విదిలించాడు, మళ్లీ నెట్టాడు. నేను రెండు చుట్లు బిగిసి తాళంలో కూర్చుని ఉన్నాను. అక్క పూర్తిగా దిగితేనే తాళం తిరుగుతుంది. నేనుండగా ఆమె దిగలేదు. ఆయన భుజంతో తలుపుని గుద్దాడు. నేతగాళ్ల కాలం నాటి కలప అది, కిర్రుమని కూడా అనలేదు.

అప్పుడాయన అరవడం మానేశాడు. నేలమీద పడుకుని గుమ్మం కింది సందులో నోరు పెట్టాడు. నలభై ఏళ్లు రైలు డ్రైవర్లతో తీగ మీద మాట్లాడిన గొంతు అది. ఏమాత్రం వణకలేదు.

"మద్మొజెల్ మృదులా. నా మాట వినండి. తలుపు దగ్గరికి రండి. నెమ్మదిగా. నేనిక్కడే ఉన్నాను."

ఆయనకి ఆమె పేరు తెలుసునని నాకూ అప్పుడే తెలిసింది. ఆమె మోచేతుల మీద పాకింది. ఒక జానెడు, ఆగి ఇంకో జానెడు. ఆయన పిలుస్తూనే ఉన్నాడు, అవే నాలుగు ముక్కలు, అదే తీరున. ఎంతసేపటికో ఆమె వేళ్లు నన్ను పట్టుకున్నాయి. తిప్పింది. సగం తిరిగాను. చెయ్యి జారిపోయింది.

అంతకంటే ఘోరం లేదు. సగంలో ఆగితే నేను ముందుకీ పోలేను, బయటికీ రాలేను. నిలువుగా ఉంటేనే నన్ను లాగగలరు.

"వినిపించింది," అన్నాడాయన. "సగంలో ఉంది. తిప్పలేకపోతే వద్దు. వెనక్కి తెచ్చి నిలువుగా పెట్టండి. పెట్టి లాగండి. తిరే!"

ఆమె కదల్లేదు. తలుపుకి చెంప ఆనించి ఉంది. పెదవులు నీలంగా ఉన్నాయి.

"తిరే, పాపా, తిరే!"

"తిరే అంటే..." అంది మృదుల, వినీ వినపడనట్టు. "లాగు."

రెండు వేళ్లు పైకి వచ్చి నా తలని పట్టుకున్నాయి. వెనక్కి తిప్పింది. నేను నిలువుకి వచ్చాను. ఆమె లాగిందనేకంటే, వెనక్కి పడిపోతూ నన్ను వెంట తీసుకుపోయిందనాలి. నేను బయటికి జారిన చోటికి మా అక్క సర్రున దూసుకొచ్చి, రెండు చుట్లు తిరిగింది.

తలుపు జానెడు తెరుచుకుని ఆగింది. ఆమె ఒళ్లే అడ్డం. ఆయన చెయ్యి దూర్చి ఆమె భుజాన్ని మెల్లగా నెట్టి, ఆ సందులోంచి లోపలికి వచ్చి, ముందు గ్యాసు కట్టేశాడు. కిటికీ బార్లా తీశాడు. ఆమె చంకల కింద చేతులు వేసి మెట్ల మీదికి ఈడ్చుకొచ్చాడు. తన స్వెట్టరు తీసి ఆ తడి జుట్టుకి చుట్టాడు. "పీల్చండి, పీల్చండి" అంటూ, ఫైరింజను వాళ్లు ఆక్సిజన్ తెచ్చేదాకా ఆమె పక్కనే కూర్చున్నాడు.

నేను ఆమె పిడికిట్లోనే ఆసుపత్రికి వెళ్లాను. నర్సు ఒక్కొక్క వేలూ విప్పి నన్ను తీసింది. గాలి ఆడక గీజరు కక్కిన, వాసన లేని విషవాయువనీ, ఇంకో పావుగంట గడిస్తే దక్కేది కాదనీ డాక్టరు చెప్పాడు. పిన్ని ఫోన్ చేసినప్పుడు మృదుల కాసేపు కప్పుకేసి చూసింది.

"గీజరు పాతది పిన్నీ, చెడిపోయింది. కొత్తది పెడతన్నారు," అంది. జాలీ సంగతి ఎత్తలేదు.

"తలనొప్పి తగ్గిందా మరి?"

"తగ్గింది. నీ మిరియాల పాలే తగ్గించాయి."

మూడు రోజులకి ఇంటికొచ్చి, సొరుగులోంచి చీటీ తీసి చదివింది. 'మీ జాలీలో ఎర్రగుడ్డ అడ్డం పడి ఉంది. గ్యాసు వాడే గదిలో అది ప్రాణాపాయం. వెంటనే తీసెయ్యండి. రెండుసార్లు వచ్చి తట్టాను, మీరు లేరు.' చివరి మాట దగ్గర ఆమె ఏడ్చింది. ఎదురింటికి వెళ్లి, "నేను ఉన్నాను. రెండుసార్లూ లోపలే ఉన్నాను," అని చెప్పింది. ఆయన తన తలుపు పూర్తిగా తీశాడు. "సిగ్నలు వేశాక బండి ఆగిందో లేదో కూడా చూడాలి. నేను చూడలేదు," అన్నాడు.

ఆచార్యులు మరో తేదీ ఇచ్చారు. ఆమె మాట్లాడింది, గట్టెక్కింది.

ఆ తర్వాతి వారం సోలాంజ్ పంపిన తాళాల మనిషి వచ్చాడు. పాత తాళం ఊడదీసి నన్నూ అక్కనూ తన పనిముట్ల పెట్టెలో, ఇనప తుక్కులో పడేశాడు. కొత్త తాళం బిగించి, ఇక వెళ్లబోతుంటే మృదుల ఆపింది.

"లోపల తాళంచెవి ఉన్నా బయటినుంచి తెరవొచ్చా?"

"తెరవొచ్చు. ఇవన్నీ అంతే ఇప్పుడు."

"చూపించండి."

వియార్ గారికి కొత్త తాళంచెవి ఒకటి చేతికిచ్చి మెట్ల మీదికి పంపింది. తను లోపలికెళ్లి రెండు చుట్లు తిప్పి, తాళంచెవిని అక్కడే వదిలేసి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. ఆయన బయటినుంచి తెరిచాడు. "ఇంకోసారి," అంది. మళ్లీ తెరిచాడు. తాళాల మనిషి చేతి గడియారం చూసుకుంటూ పెట్టె మూత వేయబోయాడు.

"ఇంకొక్కసారి," అంది మృదుల. ఈసారి గది చివరికంటా వెళ్లి, నేలమీద కూర్చుని, కళ్లు మూసుకుంది.

మూత పడింది. చీకట్లో నేనూ అక్కా పక్కపక్కనే ఉండి, తాళం తిరిగిన చప్పుడు విన్నాం.