అక్కమ్మ చెయ్యి, తొంభై తొమ్మిది రూపాయల డబ్బా

మగడు పోయిన ఆడమనిషి పొద్దున్నే ఎదురొస్తే హిందూపురం బెల్లం మండీల వీధివాళ్లు ఏం చేస్తారో చెప్పనక్కర్లేదు. వెనక్కి తిరిగి ఇంట్లోకి పోయి, రెండు గుక్కలు నీళ్లు తాగి, మళ్లీ బయలుదేరతారు. అక్కమ్మ దగ్గర మాత్రం ఆ శాస్త్రం చెల్లలేదు. ఇరవై రెండేళ్ల కిందట, మొగుడు కొండప్ప పోయిన మూడో నెలలో, ఆమె భాస్కరయ్య మండీలో పావుకిలో చింతపండు కొంది. అది ఆ రోజు బోణీ. భాస్కరయ్య తండ్రి తల బాదుకున్నాడు. మధ్యాహ్నానికి బెంగళూరు నుంచి లారీ వచ్చి కొట్టు కొట్టంతా ఊడ్చుకుపోయింది. అంతే, అక్కమ్మ చెయ్యి మంచిదైపోయింది.

అప్పటినుంచి ఆ వీధిలో కొత్త త్రాసు తెచ్చినా, కొత్త బండి కొన్నా, ఆఖరికి కుక్కర్ తెచ్చినా 'అక్కమ్మను పిలవండ్రా' అనేవాళ్లు. ఆమె వచ్చి వస్తువు మీద చెయ్యి వేసేది. తమలపాకు, వక్క, పదకొండు రూపాయలు ఇచ్చి పంపేవాళ్లు. పెళ్లిళ్లకూ అంతే. తెల్లారకముందే పిలిచి మొదటి గుప్పెడు బియ్యం ఆమె చేత పోయించేవాళ్లు, ముత్తైదువలు వచ్చేలోపల పెరటి దారిన సాగనంపేవాళ్లు. భోజనానికి ఉండమన్న పాపాన ఎవరూ పోలేదు.

అక్కమ్మకు ఇదంతా తెలుసు. తెలిసే పోయేది. ఆమె చెల్లెలికీ మొగుడు లేడు, కానీ ఆమె చేతికి ఏ పేరూ లేదు. పక్క సందులో ఆ చెల్లెలు పండక్కీ పబ్బానికీ తలుపేసుకుని కూచోవడం అక్కమ్మ చూస్తూనే ఉంది. చేతికున్న పేరు పోతే తన తలుపూ అట్లాగే మూసుకుంటుందని ఆమె భయం.

అట్లాంటి వీధిలోకి సంజయ్ అనే కుర్రాడు నెట్ డబ్బాలు పట్టుకుని దిగాడు. టీవీ వెనక పెట్టే డబ్బా అది. పెడితే ఇంటికి నెట్ వస్తుంది, పాత టీవీలో కూడా కొత్త సినిమాలు వస్తాయి. ఆరు వేల డబ్బా కంపెనీ తొంభై తొమ్మిదికే ఇస్తోందని గొంతు చించుకుని చెప్పాడు. రెండేళ్లు నెలనెలా ఆరు వందలు కట్టి తీరాలన్న మాట మాత్రం దగ్గుతూ చెప్పాడు. ఊరికే వస్తే ఫినాయిలైనా తాగేవాళ్లం మనం. వీధి వీధంతా ఎగబడింది.

సంజయ్ వేలిముద్ర మిషను బయటికి తీశాడు. ముందు వరసలో భాస్కరయ్య ఉన్నాడు.

"ఆగప్పా. కొత్త వస్తువు. మొదటి వేలు అక్కమ్మది పడాల."

"ఎవరిదైనా పర్లేదు సార్, ఆధార్ నంబరుండి ముద్ర పడితే చాలు," అన్నాడు సంజయ్. నెలాఖరు. పై ఆఫీసు లెక్క పూర్తి కాక అతను నిద్ర మానేసి తిరుగుతున్నాడు.

అక్కమ్మ వచ్చింది. సంచిలోంచి ఆధార్ కార్డు తీసిచ్చింది. వేలు నొక్కింది. భాస్కరయ్య డబ్బా కళ్లకద్దుకుని పోయాడు. వెనకున్నవాడు ఊరుకుంటాడా? 'సెట్టికి పెట్టిన వేలు నాకు పెట్టవా అక్కమ్మా' అన్నాడు. వాడి వెనకున్నవాడిదీ అదే మాట. పొద్దు గూకేసరికి ఇరవై మూడు ఇళ్లకు ఇరవై మూడుసార్లు ఆమె వేలే పడింది, ఒక్కోదానికి పదకొండు రూపాయలు ఆమె చేతిలో పడ్డాయి. చెయ్యి వెయ్యడం వేరు, వేలిముద్ర వెయ్యడం వేరు అని అంతమంది వ్యాపారస్తుల్లో ఒక్కడికీ తట్టలేదు. అణా పైసలు కూడా వదలని మహానుభావులు!

అయిదు నెలలు నెట్ ఆడింది. ఆరో నెల చచ్చింది. ఫోన్ చేస్తే 'మీ కాల్ మాకు ముఖ్యం' అని పాట వచ్చేది. రాని నెట్‌కు దుడ్లెందుకని వీధి మొత్తం కట్టడం మానేసింది. ఇంకో రెండు నెలలకు అక్కమ్మ ఇంటికి రిజిస్టర్ పోస్టులో నోటీసు వచ్చింది. పోస్టుమ్యాన్ గడప దగ్గరే నిలబడి చదివాడు. ఇరవై మూడు డబ్బాలు, మిగిలిన పంతొమ్మిది నెలల బాకీ, డబ్బాల అసలు ఖరీదు, అన్నీ కలిపి నాలుగు లక్షలా రెండు వందలు. ఒప్పందం ప్రకారం ఆమే కట్టాలి, లేదంటే పెనుకొండ కోర్టులో రాజీకి రావాలి.

అక్కమ్మ నోటీసును అటూ ఇటూ తిప్పి చూసింది.

"నాలుగు లచ్చలు అట్లుండనీప్పా," అంది. "ఆ రెండు నూర్లు యాడివి?"

నోటీసు పట్టుకుని మండీకి పోతే భాస్కరయ్య బెల్లం దిమ్మెల వెనక్కి జరిగాడు.

"నేనేం జేసేది అక్కమ్మా? ముద్ర నీదాయె."

"డబ్బా నీ ఇంట్లో గదా సెట్టీ ఉండేది?"

"ఉండాది. ఆడకపాయె." తర్వాత గొంతు తగ్గించాడు. "పెనుకొండ కోర్టులో లోక్ అదాలత్‌కు పిలిచినారు గదా, నేను కార్లో దింపుతా. ఎట్లా మేము ఆ పొద్దు ధర్మవరం పోతాండాం, కీర్తన నిశ్చితార్థానికి చీరలు తేవాల. మొదటి చీర నీ చేత్తోనే తీపించాలని మా కమలాక్షి మొక్కుకునిండాది."

నాలుగు లక్షల నోటీసు మీద కూడా పెట్రోలు ఖర్చు కలిసొచ్చేట్టు చూసుకున్నాడు చూడండి, అది వ్యాపారమంటే.

ఆ రోజు చెయ్యి ముందుండాలని అక్కమ్మను కారు ముందు సీట్లో కూచోబెట్టారు. భాస్కరయ్య నడిపాడు. వెనక సీట్లో అతని భార్య కమలాక్షి, కూతురు కీర్తన. వీధివాళ్లు పదిమంది బస్సెక్కి వచ్చారు, అక్కమ్మ మీద ప్రేమతో కాదు, డబ్బాల గతి తెలుసుకోవడానికి.

కోర్టు వరండాలో మల్లిక అనే చిన్న లాయరమ్మ కనబడింది. ఫీజు లేకుండా అక్కమ్మ తరఫున మాట్లాడడానికి కోర్టువాళ్లు ఆమెను వేశారు.

"అవ్వా, చూడు. కంపెనీ లాయరు తిరకాసు మనిషి. వీధంతా నీ చేతిని నమ్మి డబ్బాలు తీసుకుంది కాబట్టి నువ్వు పూచీ పడినట్టే అంటాడు. చేతిలో మహిమ ఉందా అని అడిగితే లేదని చెప్పు. ఉందన్నావో, మునిగావు."

"అందరి ముందరా చెప్పాల్నా?"

"అందరి ముందరే అవ్వా."

అక్కమ్మ కొంగున కట్టిన ముడిని తడుముకుంది.

లోపల బల్ల వెనక రిటైరయిన జడ్జిగారు కూచున్నారు. కంపెనీ లాయరు జగదీష్ ముప్పై ఒక్క పేజీల ఒప్పందాన్ని బల్ల మీద పెట్టాడు. అంతా ఇంగ్లీషు. లాయరమ్మ చెప్పినట్టే జరిగింది.

"ఈమె ఒక్కో డబ్బాకు పదకొండు రూపాయలు తీసుకుంది సార్. జనం ఈమె చేతిని చూసి కొన్నారు. మహిమ ఉందని పేరు పెట్టుకుని సొమ్ము తీసుకున్నాక పూచీ లేదంటే ఎట్లా? అడగండి సార్, ఉందో లేదో."

జడ్జిగారు నవ్వు ఆపుకున్నారు. "ఏమ్మా, నీ చేతిలో ఏమన్నా ఉందా?"

అక్కమ్మ వెనక్కి తిరిగి చూసింది. వెనక బెంచీల మీద వీధివాళ్లు. కమలాక్షి కళ్లార్పకుండా ఆమె చేతినే చూస్తోంది. ఉందంటే నాలుగు లక్షలు. ఆమెకున్న ఒంటి గది అమ్మినా అందులో సగం రాదు. లేదంటే రేపటినుంచి తనూ ఎదురు రాకూడని మనిషే.

"ఏముంటాది సామీ," అంది. "సంగటి కెలికి కెలికి కాయలు కాసిండాది. మహిమే ఉంటే మా కొండప్ప నలభై మూడేండ్లకే యాల పోతాడు? నొప్పి, నొప్పి అంటే ఈ చెయ్యే గదా ఆయప్ప గుండె మీద పెట్టుకోనింటి. పోయ్యేదాంక తియ్యలేదు."

అక్కమ్మ భాస్కరయ్య వైపు చూసింది.

"ఆ లారీ బెల్లం చవగ్గా ఉండాదని వచ్చె, నాకోసరం కాదు. నాకు ఆ పొద్దే తెలుసు. పిలుస్తాండ్రి, పోతాంటి. నాకు పిలుపు కావాల్సొచ్చె సామీ, అంతే."

మల్లిక అందుకుంది. "అవ్వా, మీ ఇంట్లో టీవీలు ఎన్ని?"

"టీవీ యాడిది తల్లీ? బల్బు ఉండాది ఒకటి."

జడ్జిగారు ఈసారి నవ్వు ఆపుకోలేదు. జగదీష్ వైపు తిరిగారు. "ఒక్క బల్బున్న మనిషికి ఒక్క పూటలో ఇరవై మూడు డబ్బాలు అమ్మారు. చదువు రాని మనిషికి ముప్పై ఒక్క పేజీల ఇంగ్లీషు. ఆరో నెలనుంచి మీరు నెట్ ఇవ్వలేదు. ఆమె దేనికి ఒప్పుకుందో ఆమెకే తెలియనప్పుడు దీన్ని ఒప్పందం అని ఏ కోర్టులో నిలబెడతారయ్యా? నిలబెట్టాలని ఉంటే పై కోర్టుకు పోండి, అక్కడ మీ వేలిముద్ర మిషను కథ కూడా మొదట్నుంచి చెప్పాల్సి వస్తుంది."

జగదీష్ బయటికి పోయి ఫోన్‌లో పావుగంట గొణిగి వచ్చాడు. కంపెనీ దిగొచ్చింది. ఇరవై మూడు ఒప్పందాలూ రద్దు. వీధివాళ్లు డబ్బాలు వాపసిస్తే చాలు, ఎవరూ ఎవరికీ ఏమీ బాకీ లేదు. అక్కమ్మ రాజీ కాగితం మీద వేలు నొక్కబోయి ఆగి, ఈసారి లాయరమ్మతో మొత్తం తెలుగులో చెప్పించుకున్నాకే నొక్కింది.

కారు దగ్గరికి వచ్చేసరికి ముందు సీట్లో కమలాక్షి కూచుని ఉంది. అక్కమ్మ వెనక ఎక్కింది. ధర్మవరం దాకా కీర్తన ఫోన్ చూసుకుంటూ కూచుంది, భాస్కరయ్య రోడ్డు తప్ప ఇంకేమీ చూడలేదు.

ఈశ్వరప్ప అనే నేతగాడి ఇంటి ముందు కారాగింది. ముందు గదిలో చీరలు అమ్ముతాడు, వెనక మగ్గాలు ఆడుతుంటాయి.

"నువ్వు కార్లోనే కూచో అక్కమ్మా," అంది కమలాక్షి అటు చూస్తూ. "లోపల ఉక్కగా ఉంటాది."

బయట ఎండ నెత్తి మాడ్చేస్తోంది. ఏసీ ఆపేసి తాళాలు తీసుకుని భాస్కరయ్య లోపలికి పోయాడు. ఉక్కట, ఉక్క!

అక్కమ్మకు ముందు ఏడుపొచ్చింది. పైట కొంగుతో కళ్లొత్తుకుంటే కొంగున కట్టిన ముడి చెంపకు తగిలింది. కోర్టులో ఏం కట్టమంటారోనని ఇంట్లో కూడబెట్టిందంతా మూటగట్టి తెచ్చుకుంది, నాలుగు వేల పైచిలుకు. దాంతో పనే పడలేదు. ఏడుపు పోయి కోపమొచ్చింది. ఇరవై రెండేళ్లు వీళ్లు పిలిచింది చేతిని. మనిషిని ఒక్క పూటా పిలవలేదు. అప్పుడు పెరటి దారినైనా రానిచ్చారు, ఇప్పుడు చెయ్యి పోయిందని కార్లోంచే దిగనివ్వడం లేదు. పిలుపు పోతుందని ఇన్నాళ్లూ తలొంచుకుంది. పోనే పోయింది. ఇంక ఎవరికి భయపడాలి?

తలుపు తీసుకుని దిగింది. గడప దాటి లోపలికి పోయింది. పరుపు మీద చీరలు పరిచి ఉన్నాయి. ఆమెను చూడగానే కమలాక్షి చేతిలోని చీరను గబుక్కున ఒళ్లోకి లాక్కుంది.

"నీ చీరలు నేను తాకన్లేమ్మా," అంది అక్కమ్మ, పరుపు మీద బాసింపట్టు వేసుకుని కూచుంటూ.

ఈశ్వరప్పకు ఈ గొడవేమీ తెలియదు. "రాండమ్మా, ఎవురికి చూపియ్యాల?"

"నాకేనప్పా. ఆ పసుపుపచ్చది తియ్యి."

"అక్కమ్మా!" కమలాక్షి గొంతు పైకి లేచింది. "అది ఎర్రంచు చీర!"

"కనిపిస్తాండాది."

కీర్తన ఫోన్ పక్కన పెట్టింది. భాస్కరయ్య గోడకున్న క్యాలెండరు చూశాడు. ఈశ్వరప్ప చీర మడతలు విప్పి అందించాడు. అక్కమ్మ లేచి నిలబడి, పాత చీర మీదనే దాన్ని భుజాన వేసుకుని, అంచు సరిచేసుకుంది.

"అద్దం యాడుండాదప్పా?"