పోశమ్మ కొత్త కమిటీ

అడుగంటిన బెల్లమన్నం గిన్నెను స్టీలు పీచుతో గీకుతూ ఉండగా కళకు తెలిసింది, తనకు పదవి వచ్చిందని. మొగుడు పరశురాం చెప్పులు విడుస్తూనే ఆ కబురు చెప్పాడు. “నిన్ను ప్రసాదాల కన్వీనర్‌ను చేసిన్రు.” ఆ చెప్పిన తీరు చూస్తే ఆమెకు ఒంటినిండా నగలు చేయించుకొచ్చినట్టుంది. కళ చెయ్యి ఆపకుండానే “మరి నువ్వు?” అని అడిగింది. “నేను అధ్యక్షుణ్ని,” అన్నాడు గొంతు కొంచెం తగ్గించి. ఆ తగ్గించడంలో సిగ్గేమీ లేదు, వినయం నటించడమే. ఫ్రిజ్‌లోంచి సీసా తీసి చల్లటి నీళ్లన్నీ తాగి, ఖాళీ సీసాను మళ్లీ ఫ్రిజ్‌లోనే పెట్టి, వెళ్లి ఏసీ కింద కూర్చున్నాడు.

దేనికి అధ్యక్షుడంటే, పోశమ్మ మొక్కుల బృందానికి. ఏ పోశమ్మను ఇన్నేళ్లూ “నీ బండరాయి” అని వెక్కిరించాడో ఆ పోశమ్మకు. శుక్రవారం ఆడవాళ్లు వచ్చే వేళకు “ఊర్ల ఇడిసిపెట్టి రావాల్సినయన్ని దుబాయికి మోసుకొచ్చినవ్” అని విసుక్కుని, ఫోను పట్టుకుని లోపలి గదిలో తలుపేసుకునేవాడు. ఉండేది బహ్రెయిన్‌లోనే అయినా గల్ఫంతా దుబాయే అనడం వాళ్ల ఊరి అలవాటు, దాంతో కళకు పేచీ లేదు. పూజ వద్దన్న మనిషి ఆ పూజకు పెట్టిన చాయ్‌ని మాత్రం తలుపు సందులోంచి చెయ్యి చాపి తీసుకునేవాడే, అక్కడే ఆమెకు ఒళ్లు మండేది.

ఆ బృందం ఎట్లా పుట్టిందో పరశురాంకు తెలియదు, ఎందుకంటే అప్పుడు అతను డ్యూటీలో ఉన్నాడు. కొడుక్కి అమ్మవారు పోసింది. ఒళ్లంతా పొక్కులు, జ్వరం. డాక్టరు మందిచ్చాడు, కళ వేసింది. కానీ ఉమ్మ్ అల్ హస్సామ్‌లో ఆ మూడో అంతస్తు ఫ్లాటులో, మూలుగుతున్న పిల్లాడి పక్కన ఒంటరిగా కూర్చున్న తల్లికి ఏ డాక్టరు మందిస్తాడు? “సెలవు పెడితే ఓవర్‌టైం పోతది” అన్నాడు మొగుడు. “నువ్వు శుభ్రంగ ఉండకనే గట్లయింది” అంది ఫోన్లో అత్త అంజవ్వ. కింద కిరాణా అమ్మే కోల్డ్ స్టోర్‌లో పాల ప్యాకెట్టు చేతిలో పట్టుకుని ఏడుస్తుంటే, వెనకనుంచి ఒక ముసలి చెయ్యి భుజం మీద పడింది. “ఏడ్వకు బిడ్డా, అమ్మోరు సుట్టమే, వచ్చింది పోతది,” అంది ఆ చెయ్యి గల మనిషి. అదే భీమవ్వ. నువైద్రాత్‌లో ఒక అరబ్బు ఇంట్లో ఖద్దామా పని చేస్తుంది. మొగుడు చచ్చిపోయాక, ఇద్దరు ఆడపిల్లల చదువు కోసం ఇల్లు ఊడ్చి అంట్లు తోమడానికి ఈ దేశం వచ్చింది. ఆ రోజు వాళ్ల మేడమ్ కూతురింటికి పనికొచ్చి, రొట్టెకోసం దుకాణానికి దిగింది. రోడ్డు పక్క వేపచెట్టు కొమ్మ విరిచి తెచ్చి పిల్లాడి పక్కమీద పరిచిందీ, వాడు లేచి తిరిగాక ఆలీ గ్రామం కుమ్మరుల దగ్గర కొత్త కుండ కొనుక్కురమ్మని చెప్పిందీ, వంటింటి మూలన ఒక రాయికి పసుపు పూసి సాక నీళ్లు పోసిందీ ఆవిడే.

ఆ తర్వాత ఒకరినొకరు తీసుకొచ్చారు. ఆఫీసులు ఊడ్చేవాళ్లు, అరబ్బుల పిల్లల్ని ఎత్తుకునేవాళ్లు, కుట్టు పనివాళ్లు, మొగుళ్లతో కాపురముండేవాళ్లు, మొగుళ్లే లేనివాళ్లు. అయ్యవారు లేడు, మంత్రం లేదు. భీమవ్వ పాటెత్తుకుంటే మిగతావాళ్లు అందుకునేవాళ్లు. ఒక్కోసారి ఆవిడకు శిగం వచ్చి, అమ్మవారు పూనినట్టు ఊగేది. ఊగుతూ ఊగుతూ, వారమంతా ఎవరూ ఎవరికీ చెప్పుకోని మాటలు అడిగేది. “నీ పాస్‌పోర్టు ఎవని కాడున్నదే?” అని అడిగిందొకసారి ఒక పిల్లని. ఆ పిల్ల బోరుమంది. ఆ వంటింట్లో ఎవరు పెద్ద అని ఎవరూ అడగలేదు. ఒక్కపొద్దుండి తలకు పోసుకుని ఎవరు బోనం వండితే వాళ్లే దాన్ని తలకెత్తుకునేవాళ్లు. వండిన చెయ్యే ఎత్తాలి, వాళ్లకు తెలిసిన కట్టుబాటు అదొక్కటే.

జనం పెరిగి ఫ్లాటు చాలకపోయేసరికి సమదృష్టి సత్సంగం వాళ్లు హాలు ఇచ్చారు. వాళ్లు మంచివాళ్లు, ఆ మాట కళ ఎవరిముందైనా ఒప్పుకుంటుంది. ఒక వారం గీత, ఒక వారం బైబిలు, ఇంకో వారం ఎవరో వచ్చి సూఫీ పాటలు పాడతారు. ఏ దేవుణ్నీ కాదనరు. వాళ్ల పెద్ద రామ్‌ప్రసాద్ గారు రాజమండ్రి మనిషి, ఇంజినీరు, ఎవరినీ నొప్పించకుండా మాట్లాడతారు. కిందటేడు బోనాల ఫొటోలు పత్రికలో పడ్డాయి. వందల మంది మెచ్చుకున్నారు. అప్పటినుంచి ఆయనకు పోశమ్మ మీద ప్రేమ ఎక్కువైంది, ఆయన ప్రేమ ఎక్కువైన చోటల్లా కమిటీ పుడుతుంది.

పదవి సంగతి తెలిసిన వారమే సత్సంగం హాల్లో మీటింగు పెట్టారు. కుర్చీల్లో మగవాళ్లు, వెనక చాప మీద ఆడవాళ్లు. కళ చాయ్ అందిస్తూ తిరుగుతోంది. పరశురాం జేబులో కొత్త పెన్ను. “టీ బ్రహ్మాండంగా ఉందమ్మా,” అన్నారు రామ్‌ప్రసాద్ గారు కప్పు అందుకుంటూ. “మనది విశాల దృక్పథం ఉన్న సత్సంగం. ప్రకృతి ఆరాధన అంటే మాకు ఎంతో గౌరవం. స్త్రీ శక్తి అంటే ప్రాణం. కాకపోతే ఏ శాఖకైనా ఒక నిర్మాణం ఉండాలి కదా. రేపు ఎవరైనా వచ్చి బాధ్యులెవరని అడిగితే ఏం చెప్తాం?” 

“నేనున్న గద సార్,” అంది కళ.

ఆయన చాలా ఆప్యాయంగా నవ్వారు. “నీకెందుకమ్మా ఆ తలనొప్పులన్నీ.”

పిల్లాడి పక్కన రాత్రింబవళ్లు కూర్చున్నప్పుడు లేని తలనొప్పి, ఎండలో ఆలీ నుంచి కుండలు ఒడిలో పెట్టుకుని బస్సులో వచ్చినప్పుడు లేని తలనొప్పి, ఇప్పుడు సంతకం పెట్టాల్సి వచ్చేసరికి తనకు ఎక్కడ వస్తుందోనని వీళ్లకు బెంగ. కళ ట్రే పట్టుకుని నిలబడి విన్నది. పోశమ్మ అనే పేరు మోటుగా ఉందట, ఇకనుంచి ‘ప్రకృతి మాతృశక్తి విభాగం’ అంటారట. పోశమ్మకు ఆ పేరు నోరు తిరుగుతుందో లేదో ఎవరూ అడగలేదు. హాల్లో పొగకు అలారం మోగుతుంది కనక బోనం మీద నూనె దీపం బదులు బ్యాటరీ దీపం పెట్టాలట. అదీ మింగింది. శిగాలు ఊగడాలు హాలు బయట చూసుకోవాలట, చూసేవాళ్లకు బాగుండదట. వేసవిలో ఆ బయట నిలబడితే అమ్మవారికైనా వడదెబ్బ తగులుతుంది, అయినా ఊరుకుంది. చివరికి రామ్‌ప్రసాద్ గారు గొంతు సవరించుకున్నారు. “బోనం ఎత్తేది, భర్తతో కలిసి ఇక్కడ కాపురముంటున్న ముత్తైదువ అయితే నిండుగా ఉంటుంది. ఫ్యామిలీ వీసా ఉన్న ఇల్లాళ్లు. ఫొటోలు బయటికి వెళ్తాయి కదా. ఎవరినీ తక్కువ చెయ్యడం కాదు సుమా, మిగతావాళ్లకు వేరే సేవలుంటాయి.”

“అందరు ఒప్పుకున్నట్టే గద,” అన్నాడు అధ్యక్షుడు పరశురాం, పెన్ను తీస్తూ.

కళ వెనక్కి తిరిగి చూసింది. చాప మీద గోడకు ఆనుకుని భీమవ్వ. వారంలో దొరికే ఒక్క సెలవు పూట నువైద్రాత్ నుంచి రెండు బస్సులు మారి వచ్చింది. ఆ ముఖంలో కోపం ఉంటే కళకు ఇంత కష్టం అనిపించేది కాదు. ఆవిడ చెంగు సర్దుకుని నవ్వింది. “గంతే గదా బిడ్డా. నేను గిన్నెలు కడుగుత తియ్యి.” వారమంతా ఒకరి గిన్నెలు కడిగే మనిషి, సెలవు రోజున వచ్చి దేవుడి గిన్నెలు కడుగుతానంటోంది, అదీ ఎవరి మనసూ నొచ్చుకోకుండా. తను పనిచేసే నర్సరీ స్కూల్లో కూడా ఇదే తీరు. బాత్రూములు కడిగే పిల్ల రాకపోతే మేనేజరు ఆమె దగ్గరికొచ్చి “నువ్వు ఓపికగల మనిషివి కళా” అంటుంది. ఆ మాటను కళ ఇన్నాళ్లూ పొగడ్తే అనుకుంది. ఓపిక ఉందని ఎవరైనా అన్నారంటే చీపురు చేతికి రాబోతోందని అర్థం, అంతే.

ఇంటికొచ్చాక అడిగింది. “భీమవ్వ పెద్దమ్మ లేకుంటే ఈ పూజనే లేదు. ఆమెను ఎట్ల తీసేస్తరు?” 

“ఎవలు తీసేసిన్రు? రావద్దన్నమా? పెద్దపెద్దోళ్ల ముందట విధవామె, అండ్ల ఖద్దామా, బోనమెత్తుతే ఎట్లుంటది చెప్పు,” అన్నాడు పరశురాం. మళ్లీ తనే మెత్తబడినట్టు, “నువ్వు ఎత్తుకుందువులే ఎప్పుడన్న. ఈసారికి రామ్‌ప్రసాద్ సార్ భార్య ఎత్తుకుంటది. నువ్వు వండి తీస్కరా,” అన్నాడు. ఆ సాయంత్రం అంజవ్వ ఫోను చేసి కొడుకు అధ్యక్షుడైనందుకు మురిసింది. “నా కొడుకు పేరు నిలబెట్టు. నడుమ నీ తెలివి సూపకు,” అని కోడలికి చెప్పింది. అంజవ్వకూ మొగుడు లేడు. ఊళ్లో ఆమెను ఎన్ని పెళ్లిళ్లలో పందిరి బయట కూర్చోబెట్టారో కళ కళ్లారా చూసింది. ఆ మాట నోటిదాకా వచ్చింది కానీ అనలేదు. దెబ్బ తిన్న మనిషిని మళ్లీ అక్కడే కొట్టడం ఆమెకు చేతకాలేదు.

“సరే, బోనం తెస్త,” అని మాత్రం మొగుడితో అంది. అతను దాన్ని ఓపిక అనుకున్నాడు.

బోనాల శుక్రవారం పొద్దున్నే పరశురాం హాలు ముస్తాబు చూసుకోవడానికి వెళ్లిపోయాడు. అతను అటు వెళ్లాక కళ భీమవ్వను ఇంట్లోకి తెచ్చుకుంది. ముందురోజే ఫోన్లో చెప్పింది, ఒక్కపొద్దుండి రమ్మని. ఎందుకని ఆవిడ అడగలేదు. కళ వేడినీళ్లు తోడి, తలకు పోసి, తన పెళ్లినాటి పచ్చచీర చేతికిచ్చింది. “ఇది నేను కట్టద్దు బిడ్డా,” అంది భీమవ్వ చీర వంక చూస్తూ. “కట్టాలె,” అంది కళ. తర్వాత పొయ్యి వెలిగించి పక్కకు తప్పుకుంది. తన వంటింట్లో తను చేతులు కట్టుకుని నిలబడటం ఆమెకు అదే మొదలు. బియ్యం కడిగింది భీమవ్వ, పాలు పోసింది భీమవ్వ, బెల్లం కొట్టింది భీమవ్వ. పొంగు వచ్చినప్పుడు ఆవిడ పెదాలు కదిలాయి, కళ్లలోంచి నీళ్లు కారి గడ్డం మీదకు జారాయి. కుండకు సున్నం బొట్లు, పసుపు, వేపమండలు పెట్టిందీ ఆవిడే. కళ ఒక్క మెతుకును కూడా ముట్టలేదు.

హాలంతా నిండిపోయింది. ముందు వరసలో పట్టుచీరలు, వెనక చాపల మీద మామూలు చీరలు. పీట మీద బోనం, దాని మీద బ్యాటరీ దీపం వణకకుండా వెలుగుతోంది. పరశురాం మైకు పట్టుకుని, తెచ్చిపెట్టుకున్న పుస్తకాల తెలుగులో, “ఇప్పుడు రామ్‌ప్రసాద్ గారి సతీమణి బోనం ఎత్తుకుంటారు,” అన్నాడు. ఆవిడ లేచి వచ్చింది. ఫొటోలు తీసేవాళ్లు ముందుకు జరిగారు. కళ వెళ్లి పీటకు అడ్డంగా నిలబడింది.

“మేడమ్, ఏమనుకోకున్రి. వండిన చెయ్యే ఎత్తాలె. మీరు వండలే.”

ఆవిడకు నిజంగానే ఊపిరి తిరిగినట్టైంది, తలమీద కుండ పెట్టుకోవడమంటే ఆమెకు ముందునుంచీ భయమే. “అయ్యో, అయితే నువ్వే ఎత్తుకో కళా,” అంది. “అవును, కళ ఎత్తుకోవచ్చు, ఆమెకూ అర్హత ఉందిగా,” అన్నారు రామ్‌ప్రసాద్ గారు పెద్ద మనసుతో. పరశురాం ముఖం వెలిగిపోయింది. “ఔ, మా కళనే ఎత్తుకుంటది,” అన్నాడు మైకులో. హాలంతా చప్పట్లు కొట్టింది. ఇన్నేళ్ల కాపురంలో అతను ‘మా కళ’ అని నలుగురిలో అనడం ఆమె మొదటిసారి విన్నది. ఒక్క క్షణం, అబద్ధమెందుకు, ఆ మాట ఆమెకు తియ్యగానే తగిలింది. ఇంకొక్క అడుగు వేస్తే చాలు, బోనమూ తనదే, మొగుడి మెప్పూ తనదే, ఇంట్లో గొడవా ఉండదు.

“నేను గూడ వండలే. భీమవ్వ పెద్దమ్మ వండింది,” అంది కళ. అని, వెనక వరసకు వెళ్లి ఆవిడ చెయ్యి పట్టుకుని ముందుకు తీసుకొచ్చింది. చప్పట్లు ఆగిపోయాయి. రామ్‌ప్రసాద్ గారు కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు. పరశురాం దగ్గరికొచ్చి పళ్లు బిగబట్టి, “నీకు పిచ్చిగిట్ల లేసిందా? ఆమెకు మొగడు లేడు గదనే,” అన్నాడు. చేతిలో మైకు ఉన్న సంగతి మర్చిపోయాడు. ఆ మాట హాలు నాలుగు మూలలా వినబడింది. భీమవ్వ తల వాలిపోయింది.

“పోశమ్మకున్నడా?” అంది కళ. అరవలేదు, అతని చేతిలో మైకు ఇంకా తెరిచే ఉంది. “ఉంటే ఏ కంపెనీల జేస్తుండో జెప్పు. ఆయన వీసా చూసినంకనే ఎత్తుదాం.”

ఆమె మొగుడి జవాబు కోసం ఆగలేదు. చుట్టబట్ట చుట్టి భీమవ్వ నెత్తిన పెట్టి, కుండను రెండు చేతులా లేపింది.

“తల వంచకు పెద్దమ్మా,” అంది. “బోనం నిలువదు.”