సత్రం యజమాని గొంతు

నిర్మాత క్వాన్ పాక్‌హేయ్ పోయిన రెండో నెలలో, పాత స్టూడియోవాళ్లు కలిసి ఆయన జ్ఞాపకార్థం కౌలూన్‌లోని ఒక హాల్లో ఆదివారం పొద్దున్న ఆట వేయించారు. ఆయన తీసిన కుంగ్‌ఫూ సినిమాల్లో రీళ్లు అతుక్కుపోకుండా మిగిలినదాన్ని తెచ్చారు. ఆయన తీసినవాటిలో ఆణిముత్యాన్ని ఏరామని ఉపన్యాసాల్లో చెప్పుకున్నారు.

ఆయన భార్య లాయ్‌గ్యూన్ ఉపన్యాసాల కోసం రాలేదు. ఆ సినిమాలో ఆయన కాసేపు సత్రం యజమానిగా కనిపిస్తాడు. ఆ వేషం కట్టాల్సినవాడు షూటింగు నాడు ఇంకో కంపెనీకి ఎగిరిపోతే, నిర్మాతే తువ్వాలు భుజాన వేసుకున్నాడు. ఆమెకు ఆ కాసేపే కావాలి. గొంతు ఆపరేషన్ తర్వాత ఆఖరి సంవత్సరాలన్నీ ఆయన సైగలతోనే సంసారం చేశాడు. పోయాక ఆమెకు ఒక సంగతి తెలిసొచ్చింది. ఆయన మాటలన్నీ, తిట్లతో సహా, గుర్తున్నాయి. గొంతే గుర్తులేదు. తలుచుకోబోతే రేడియోలో వార్తలు చదివేవాడి గొంతు వచ్చి కూర్చుంటోంది. ఇంత సిగ్గుచేటు సంగతి ఎవరికి చెప్పుకుంటుంది? కూతురు వింగ్‌సమ్‌కి కూడా చెప్పలేదు.

వేదిక మీద ముసలి ఫైట్ మాస్టర్, "అంత ఉదారుణ్ణి నేను చూడలేదు," అన్నాడు.

"సెట్లో ఆయన పెట్టించే అన్నంలో మాంసం ముక్క ఎటు దాక్కుందో నేనూ చూడలేదు," అంది పక్క కుర్చీలో సుయ్‌ఇంగ్, పుచ్చగింజలు కొరుకుతూ. ఆవిడ డబ్బింగు మనిషి. పాతికేళ్లపాటు కన్నెపిల్లలకీ సన్యాసినులకీ గొంతు అరువిచ్చింది.

దీపాలు ఆరాయి. గుర్రాలు వచ్చాయి, దుమ్ము లేచింది, సత్రం కనబడింది. తువ్వాలు దులుపుకుంటూ క్వాన్ వచ్చి నోరు తెరిచాడు.

"దయచేయండి ప్రభూ! ఈ పేద కప్పు కింద తమ పాదధూళి..."

గంభీరమైన గొంతు. తేనెలో ముంచి తీసిన ఉత్తరాది ఉచ్చారణ. లాయ్‌గ్యూన్ ఒళ్లో చేతిసంచి కిందకి జారింది.

"సుయీ, ఇదెవరిది?"

"మన లుక్ అన్నయ్యది. అప్పట్లో మహామంత్రులందరికీ ఆయనే."

"మా ఆయన గొంతేదే మరి?"

"నువ్వే అలా అడిగితే ఎలా వదినా? అన్నేళ్లు సెట్టుకి క్యారియర్లు మోశావు. నెత్తిమీంచి విమానాలు పోతుంటే షూటింగులో గొంతులెక్కడ రికార్డు చేస్తాం? డైలాగు మర్చిపోతే ఒకటీ రెండూ మూడూ అని పెదాలాడించేవాళ్లు. తర్వాత మేం మాటలు పోసేవాళ్లం."

నిజమే. అదంతా లాయ్‌గ్యూన్ కళ్లారా చూసినదే. ఈ రెండు నెలల్లో ఒక్కసారీ తట్టలేదు.

"తన ముక్క తను చెప్పుకోలేకపోయాడా?"

"ఆ స్వాతౌ రేవు యాసతోనా? సత్రంలో చేపలు వేలం వేస్తున్నట్టుండేది."

లాయ్‌గ్యూన్ సంచి తీసుకుని లేవబోయింది. సుయ్‌ఇంగ్ చెయ్యి పట్టి లాగింది.

"కూర్చో. ఇప్పుడు దొంగలు చస్తారు. ఆ చావులన్నీ మీ ఆయనవే."

"అదేం మాట?"

"చావుకేక పెడితే అరిష్టమని మేం నోరు విప్పేవాళ్లం కాదు. దోషం పోవడానికి డబ్బు పెట్టిన ఎర్ర కవరు చేతిలో పడితేనే చచ్చేది. ఆయన సినిమాల్లో చచ్చేవాళ్లు తక్కువా? కవర్లు పంచలేక, 'జరగండి, నా చావు నేను చస్తాను' అని మైకు ముందుకొచ్చాడు."

తెరమీద హీరో బెంచీ తన్నాడు. మెట్లమీంచి ఒకడు, "హాయ్‌య్‌!" అంటూ దొర్లాడు. లాయ్‌గ్యూన్ ముందుకి వంగింది. ఇంకొకడు కిటికీలోంచి, "ఓరి దేవుడా!" అంటూ పోయాడు. మూడోవాడు సూపు కాగులో కూలబడ్డాడు. ఎక్కడి దొంగో గాని, చచ్చేది మాత్రం అచ్చమైన స్వాతౌ యాసలో.

"అబ్బా, కాలిందే! చెప్పొద్దూ!"

కాగులో పడ్డవాడు ఎవరికి చెప్పుకుంటున్నాడో ఆ హాల్లో ఒక్క మనిషికే తెలుసు. రోజూ రాత్రి సూపు గిన్నె ముందు, ఊదుకోమన్నా వినకుండా మొదటి గుక్క తాగి ఆయన అనే మాటే అది. చివర కాస్త కీచుగా లేచే గొంతు. దాని వెనకే గొడుగు కోసం అరిచే గొంతు, మెట్లకింద నుంచి తలుపు తియ్యమనే గొంతు, పోటీగా వచ్చేశాయి. లాయ్‌గ్యూన్‌కి ఆగని నవ్వు. కళ్లవెంట నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవడానికి తీరిక లేదు. మనుషులు చస్తుంటే ఆ నవ్వేమిటని ముందు వరస పెద్దలు వెనక్కి తిరిగారు.

"అందరూ అయిపోయారా?"

"అయిపోయారు వదినా. ఇక హీరో పెళ్లి."

"నాకు పెళ్లొద్దు." లేచి, వెనక ఆపరేటరు గది తలుపు తట్టింది. "తమ్ముడూ, ఆ దొంగల్ని ఇంకోసారి చంపించు."

"అమ్మా! ఇంతమంది కూర్చున్నారు," అంది వింగ్‌సమ్ పరుగున వచ్చి.

"కూర్చోనీ. కాళ్లు నొప్పెడితే నిలబడతారు."

ఆపరేటరు సినిమా ఆపి లైట్లు వేసి, గొణుక్కుంటూ రీలు వెనక్కి చుట్టాడు. మళ్లీ ఆరేలోగా లాయ్‌గ్యూన్ వెళ్లి స్పీకరు పక్క కుర్చీలో కూర్చుంది.